దోసకాయకు ఒక గిన్నె

శనివారం పొద్దున వంటింటి త్రాసు మీద ఓకుర్కా తొంభై ఆరు గ్రాములు తూగాడు. మూడు వారాల కిందట నూట పద్దెనిమిది. చెక్ భాషలో ఓకుర్కా అంటే దోసకాయ. దొబ్రోమిలా పెంచుకుంటున్న మగ ఊసరవెల్లికి ఆ పేరు పెట్టింది ఆమె తమ్ముడు లూబోర్.

బరువు తొంభైకి దిగితే నోరు తెరిచి గొట్టంతో ఆహారం ఎక్కించాల్సి వస్తుందని, ఆ హింసకు తట్టుకుంటాడని చెప్పలేనని పశువుల డాక్టరు చెప్పింది.

తప్పు ఎక్కడ జరిగిందో అక్కాతమ్ముళ్లిద్దరికీ తెలుసు. దొబ్రోమిలా బ్ర్నోలో ట్రామ్ నడుపుతుంది. మార్చిలో డ్యూటీ వేళలు మారాయి. అప్పటిదాకా పట్టకారుతో ఒక్కో కీచురాయిని అందించేది. ఇక కుదరలేదు. లూబోర్, కొట్లో ఆవముద్ద నింపి అమ్మే గాజు గ్లాసు ఒకటి కడిగి, కీచురాళ్లు వేసి పంజరంలో పెట్టాడు. ఆవముద్ద అయిపోయాక ఆ గాజు గ్లాసును ఇక్కడ ఎవరూ పారేయరు. వైన్ తాగుతారు, పాలు తాగుతారు, పళ్ల బ్రష్షులు పెట్టుకుంటారు. ఓకుర్కాకు గాజు సంగతి తెలియదు. పక్క నుంచి కీచురాళ్లు కనిపించాయి. నాలుక విసిరాడు. గాజుకు తగిలింది. మూడు రోజులు విసిరి, నాలుగో రోజు మొహం తిప్పుకున్నాడు. తర్వాత పట్టకారు చూసినా మొహం తిప్పుకున్నాడు.

"నాలుకకు దెబ్బేం తగల్లేదు. వీడికి నమ్మకం పోయింది," అంది డాక్టరు.

దొబ్రోమిలా వారంలో మూడు గిన్నెలు మార్చింది. స్టీలు గిన్నెలో ఓకుర్కాకు తన మొహమే కనిపించింది. ఇంకో మగవాడనుకుని ఒళ్లు నల్లగా చేసుకుని బుసకొట్టాడు. మట్టి మూకుడులో గోధుమరంగు కీచురాయి కనిపించలేదు. పెరుగు డబ్బా కొమ్మ కదలగానే బోర్లా పడింది. అందులోంచి పారిపోయిన రెండు కీచురాళ్లు ఇప్పటికీ ఫ్రిజ్ వెనక అరుస్తున్నాయి.

ఆ శనివారం ఊళ్లో పెంపుడు పాముల, బల్లుల సంత. అక్కాతమ్ముళ్లు తొమ్మిది బల్లలు చూసి పదో బల్ల దగ్గర ఆగారు. అక్కడ హినెక్ అనే పెద్దాయన గిన్నెలు, కీచురాళ్ల డబ్బాలు అమ్ముతున్నాడు.

"ఇది తీసుకోండమ్మా. అచ్చం రాయిలా ఉంటుంది. అందరూ ఇదే కొంటున్నారు."

"మావాడు నేలమీదికి దిగడండీ. దీన్ని కొమ్మకెలా కట్టను?"

"అక్కా, ఏదో ఒకటి తీసేసుకో. కాళ్లు లాగుతున్నాయి," అన్నాడు లూబోర్.

"నువ్వు మాట్లాడకు. గాజు గ్లాసు పెట్టింది నువ్వే."

"ఇక జన్మంతా ఇదే అంటావా?"

"వాడు తినేదాకా అంటాను."

హినెక్ నవ్వి, తన మగ్గెత్తి ఒక గుక్క టీ తాగాడు. ఎనామిల్ పూసిన రేకు మగ్గు. బయట నీలం, లోపల తెలుపు.

"అదొకసారి చూపించండి," అంది దొబ్రోమిలా.

"ఇది నా టీ అమ్మా."

"టీ మీరు తాగేయండి. మగ్గు చూపించండి."

ఆయన తాగేశాడు. ఆమె మగ్గు తుడిచి, డబ్బాలోంచి ఒక కీచురాయిని తీసి అందులో వేయమంది. అది గోడ ఎక్కబోయి జారింది. మళ్లీ ఎక్కబోయి మళ్లీ జారింది. తెల్లటి అడుగు మీద దాని మీసాలు కూడా కనిపిస్తున్నాయి. తీగ కట్టడానికి పిడి ఉంది. పక్క నుంచి ఏమీ కనిపించదు.

"ఇదివ్వండి."

"ముప్పై ఏళ్ల మగ్గమ్మా! అడవికెళ్లినా, చేపలకెళ్లినా నాతోనే ఉంది. సోమవారం ఇనుప సామాన్ల కొట్టు తెరుస్తారు, కొత్తవే దొరుకుతాయి."

"సోమవారానికి వాడెంత తూగుతాడో నాకు తెలీదు. వాడు తిన్నాక కొత్తది కొని, మీది మీకు కడిగి తెచ్చిస్తాను."

"పురుగులు తిరిగిన దాన్లో నేను టీ తాగాలా? ఆ కొత్తదే నాకివ్వండి తల్లీ." ఆయన కీచురాయిని డబ్బాలో వేసి మగ్గు చేతికిచ్చాడు. "కొమ్మకు జానెడు కింద కట్టండి. పై నుంచి చూడాలి వాడు. మీరు మాత్రం చూడకండి. ఎవరైనా చూస్తుంటే ముట్టడు."

ఇంటికెళ్లి తీగతో మగ్గును కొమ్మ కింద కట్టింది. రెండు కీచురాళ్లు వేసింది. కుర్చీలు గోడవైపు తిప్పి, తమ్ముణ్ణి ఒకదాంట్లో కూర్చోబెట్టి తను ఇంకోదాంట్లో కూర్చుంది. పంజరం దీపం ఏడింటికి ఆరిపోయింది. అప్పుడు లేచి చూస్తే రెండు కీచురాళ్లూ ఉన్నాయి.

ఆదివారం తెల్లవారుజామున ఆమెకు డ్యూటీ ఉంది. డిపోకు ఫోన్ చేసి, ఇంకొకరితో మార్చుకుంది. త్రాసు మీద ఓకుర్కా తొంభై నాలుగు గ్రాములు తూగాడు. ఎనిమిదింటికి మళ్లీ గోడవైపు కూర్చున్నారు.

"ఒక్కసారి తిరిగి చూస్తే ఏమవుతుంది?" అన్నాడు లూబోర్.

"కూర్చో."

"కాఫీ అయినా..."

"కదలకు."

పదిన్నరకు వెనక టంగుమని చిన్న చప్పుడైంది. నాలుక మగ్గు అడుగుకు తగిలిన చప్పుడు. దొబ్రోమిలా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కీచురాయి దొరకలేదు, ఈసారీ ఉత్త రేకే తగిలిందనుకుంది.

తర్వాత నమిలే చప్పుడు వినబడింది.

"అక్కా, ఇప్పుడు తిరగొచ్చా?"

"వద్దు. ఇంకోటుంది."