నాలుగు గడియారాల యంత్రం

పరీక్ష నెగ్గినట్టు తెరమీద పచ్చగీత పడింది. ఆమెకు సంతోషం కన్నా ముందు ఆవలింత వచ్చింది. వారాల తరబడి ఎర్రగానే పడుతున్న గీత అది.

పని చెప్పుకోవడానికి చిన్నదే. ఒక డెయిరీలో సీసాల్లో పాలు నింపే యంత్రాన్ని నడిపే పాత కంప్యూటరు ఉంది. దానికి విడిభాగాలు దొరకడం లేదు. అచ్చం దానిలాగే నడుచుకునే ప్రోగ్రాము రాసి కొత్త కంప్యూటరులో పెట్టాలి. లోపల నడిచే డెయిరీ సాఫ్ట్‌వేరుకు తాను ఇల్లు మారిన సంగతి కూడా తెలియకూడదు. చిక్కంతా కాలంతో వచ్చింది. పాతదానిలో నాలుగు ప్రాసెసర్లు ఉన్నా గడియారం ఒక్కటే. ఈమె రాసినదానిలో నాలుగూ ఉత్తుత్తి ప్రాసెసర్లు. ఏది ఎంత పని చేస్తే దాని గడియారం అంత ముందుకు జరుగుతుంది. ఒకటి పరుగు తీస్తుంటే ఇంకొకటి కునుకు తీస్తుంది. ముందున్న దాని దగ్గర మొదలైన పని వెనకబడ్డ దాని చేతికి మారిందంటే, కాలం వెనక్కి నడిచినట్టే లెక్క.

గీత పచ్చబడితే సెలవు ఇస్తామన్నారు. సాయంత్రం రైలుకు టిక్కెట్టు కూడా తీసి పెట్టుకుంది. భర్త ఓడ మీద ఇంజను పనిలో ఉన్నాడు. ఇక్కడ ఈమెకు తిండీ నిద్రా ఒక వేళకు లేవు. కొన్నాళ్లే కదా అని నాలుగేళ్ల కూతుర్ని అక్క దగ్గర వదిలింది. ఆ కొన్నాళ్లు సాగి సాగి నెలలయ్యాయి. మొన్న ఫోనులో పిల్ల పెద్దమ్మను అమ్మా అని పిలవడం వినపడింది. అక్క కంగారుగా, అమ్మ ఫోనులో ఉంది చూడమని సర్దబోయింది. పిల్ల మాత్రం తేలిగ్గా, "అది ఫోన్ అమ్మ" అనేసింది. ఈసారి వెళ్లకపోతే పిల్ల తనది కాకుండా పోతుందని భయం పట్టుకుంది.

పక్క బల్ల మరిదిది. భర్తకు సొంత తమ్ముడు. ఈ ఉద్యోగానికి ఆమే చెప్పి పెట్టించింది.

"ఇక లే వదినా. ఇంకో పూట కూర్చుంటే ఆ కుర్చీతో కలిపి నిన్ను ఎత్తాల్సొస్తుంది."

"పొద్దున కూడా ఎర్రగానే ఉంది కదయ్యా. ఏం చేశావు?"

"నీకెందుకు, వెళ్లి పిల్లను తెచ్చుకో."

ఆమె బ్యాగు జిప్పు లాగింది. మేనేజరుకు రెండు ముక్కలు రాసి పోదామని గడియారం చూపిన సంఖ్యలు తెరిచింది. ఒక సంఖ్య, దాని కింద అదే సంఖ్య, మళ్లీ అదే. కొంతసేపటికి ఒక్క గెంతు. కాలం వెనక్కి పోలేదు, నిజమే. నిలబడిపోయింది. మరిది చేర్చిన వాక్యం వెతకగానే దొరికింది. గడియారం వెనకటి సంఖ్య చూపితే, ఆఖరున ఇచ్చిన సంఖ్యనే మళ్లీ ఇచ్చెయ్యమని రాశాడు. కాలం వెనక్కి పోయిందా అని మాత్రమే పరీక్ష అడుగుతుంది. నిలబడిందా అని అడగాలని ఎవరికీ తోచలేదు.

పాల గొట్టం వాల్వు ఆ గడియారం చూసే మూసుకుంటుంది. కాలం నిలబడినంతసేపూ పాలు కారుతూనే ఉంటాయి. సీసా నిండి, పొర్లి, నేలంతా పాలు పారడం ఆమె కళ్లకు కట్టింది. అయినా వెంటనే లేవలేదు. డెయిరీలో కొత్తది బిగించేటప్పటికి తిరిగొచ్చి దిద్దుకోవచ్చులే అని ఒళ్లు బతిమాలింది. ఎంత బతిమాలిందంటే, ఆ సంఖ్యలు మూసేసి బ్యాగు భుజాన వేసుకుంది కూడా.

అప్పుడే మేనేజరు వచ్చాడు. డెయిరీవాళ్లు రేపే పాతది పీకేస్తారట, నీ మాట కోసమే ఆగారమ్మా అన్నాడు.

ఆమె బ్యాగు కింద పెట్టింది. "ఇంకా కాలేదు సార్."

ఆయన పచ్చగీతకేసి చూశాడు. అది పైపై అతుకని, కాలం మధ్యమధ్య ఆగిపోతోందని ఆమె చెప్పింది. అతుకు ఎవరు వేశారో చెప్పలేదు. ఆయన కోప్పడలేదు, కళ్లజోడు తీసి ముక్కు నొక్కుకుని, ఇంకొక్క రోజు అడిగి చూస్తానని వెళ్లిపోయాడు.

మరిది ముఖం చిన్నబోయింది. "నీకోసమే చేశాను వదినా."

"తెలుసు. అందుకే తిట్టడానికి నోరు రావట్లేదు."

"నువ్వు వెళ్లు. నేను దిద్దుతాను."

"దిద్దగలవా?"

అతను మెడ గోక్కున్నాడు. "లేను. రైలు మాత్రం ఎక్కగలను."

ఆమె ఫోను తీసి, తాను రావడం లేదని అక్కకు చెప్పింది. మరిది ఆమె వద్దనేలోపే చొక్కా దులుపుకుని పిల్లను తేవడానికి బయల్దేరాడు.

ఆమె అతని వాక్యం కొట్టేసింది. గీత ఎర్రబడింది. నాలుగు ప్రాసెసర్లకూ ఒకే గడియారం పెట్టి, ముందుకు పోయినది తక్కినవి అందుకునేదాకా ఆగేలా రాసింది. గీత మళ్లీ పచ్చబడింది గానీ మొత్తం పని మందగించింది. ఇంత నెమ్మదైతే ఒప్పుకుంటారా అని మేనేజరు గొణిగాడు. డెయిరీలో ముందు నీళ్లు నింపి చూశారు. నీళ్లు ప్రతి సీసాలోనూ కొలత గీత దగ్గరే ఆగాయి. సరే కానిమ్మన్నారు. మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు.

ఇంటికి వచ్చి ఆమె గుమ్మం దగ్గరే చతికిలబడింది. లోపలికి నడిచే ఓపిక లేదు. కాసేపటికి మరిది మెట్లెక్కి వచ్చాడు. భుజం మీద పిల్ల. దించబోతే అతని కాలరు పట్టుకుని వదల్లేదు. అమ్మేనమ్మా, చూడు అని అతను బుజ్జగించాడు. పిల్ల మెడ తిప్పి చూసింది గానీ చేతులు చాపలేదు.

"లాగకు. అలాగే కూర్చో," అంది ఆమె.

అతను పిల్లను ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాడు. ముద్దు చేయడానికి కూడా ఆమెకు శక్తి లేదు. చేతికి అందిన చిన్న బూటు లేసు విప్పి, బూటు లాగి, మేజోడు తీసింది. కాలివేళ్ల మధ్య చేరిన దూదిపీచు తీస్తుంటే పిల్ల ఆమె చేతులకేసి చూస్తూ ఊరుకుంది. కొంచెం ఆగి, మాట్లాడకుండానే రెండో కాలు ఆమె ముందుకు చాపింది.

ఆ లేసు ముడి బిగుసుకుపోయి ఉంది. ఆమె దానిమీదికి వంగింది.