మొండికేసిన మంచుబండి

కాశమ్మ ఇంజిన్ తాడు లాగుతూనే ఉంది, బండి మాత్రం ఉలకడం లేదు, పలకడం లేదు. చుట్టూ ఎటు చూసినా తెల్లగా పరుచుకుని ఉన్నదాన్ని ఇంతసేపూ పత్తి అనుకుంటోంది, ఎవరో మహానుభావులు ఇంత పత్తిని ఆరబోసి ఎత్తడం మరిచిపోయారు, వానొస్తే వాళ్ళ గతేం కాను అని జాలి కూడా పడింది; తీరా ఒక అడుగు వేసి చీలమండ దాకా దిగబడి, చల్లదనం ఎముకను పట్టుకున్నప్పుడు గానీ అది మంచు అని తెలియలేదు. తెలిసినా ఆశ్చర్యం లేదు. రాచర్ల రోడ్డులో ఉన్న తన రేకుల షెడ్డు ఎప్పటినుంచో ఈ కొండమీదే ఉన్నట్టుంది, గోడకు పానాలు వరసగా వేలాడుతున్నాయి, గోడ అవతల గాలి గీపెడుతోంది. ముందు రెండు పొడుగాటి బద్దలు, వెనక రబ్బరు పట్టా ఉన్న ఈ మంచుబండిని ఆమె ఫోటోలో తప్ప ఎన్నడూ చూసింది లేదు, అయినా దాని ఒళ్ళంతా ఆమె చేతులకు తెలుసు.

"ఇంక లాగబాక. లోపల పెట్రోలు ఎక్కువైపోయింది," అంటాడు చెన్నకేశవులు.

ఆయన ఆమె మొగుడు. బోర్లించిన డబ్బా మీద కూర్చున్నాడు, మిలిటరీ కోటు తొడుక్కుని, ఆరేళ్ళ కిందట పోయినప్పటి వయసుతోనే. ఈ ఆరేళ్ళలో తల నెరిసింది ఆమెకే. చచ్చిపోయినవాడు ఎదురుగా కూర్చుంటే భయపడాలన్న సంగతి కాశమ్మకు తట్టదు. పని చేసేవాళ్ళ పక్కన కూర్చుని సలహాలు చెప్పే అలవాటు ఈ మనిషికి ఇంకా పోలేదే అని మాత్రం అనిపిస్తుంది.

"నువ్వట్టా చూస్తా కూర్చో. లేచి ఒక చెయ్యి వెయ్యబాక," అంటుంది.

"నా చేతులు పనికిరావే ఇప్పుడు. ఈ చలికి ఇనుము ముట్టుకుంటే ఇనుముకే అతుక్కుపోతాయి," అని వేళ్ళు చూపించి నవ్వుతాడు. ఆమెకు నవ్వు రాదు.

తొందర ఏమిటో ఇద్దరికీ తెలుసు. ఆయన ఒళ్ళో మందుల పెట్టె ఉంది. పైన కొండ కొమ్మున ఉన్న పోస్టులో ఒక జవానుకు ఊపిరితిత్తుల్లో నీరు చేరి గుక్క తిరగడం లేదు, ఈ పెట్టె అక్కడికి చేరాలి. బండి స్టార్టయితే అరగంట పని. కాకపోతే ఆయన నడిచి పోతాడు, నడిచి పోతుంటే దోవలో మంచుచరియ విరిగి మీద పడుతుంది. అది ఏనాడో జరిగిపోయిందనీ, పెద్దకర్మ తానే చేయించిందనీ కాశమ్మకు తెలుసు. ఇంకా జరగలేదనీ, బండి స్టార్టయితే జరగకుండా పోతుందనీ కూడా అంతే గట్టిగా తెలుసు.

"ఇంజిన్ ఆపే ఎర్ర బటన్ చూసినావా? నొక్కి ఉంటే నువ్వు సాయంత్రం దాకా లాగినా ఇంతే."

"చూసినా."

"తాళంచెవి?"

"నన్నేమనుకుంటాండావయ్యా? మూడు మండలాల్లో చేలకు మందు కొట్టే మిషన్లన్నీ నా దగ్గరికే వస్తాయి."

అది ఉత్త గొప్ప కాదు. మొగుడు పోయిన ఏడాదికే కాశమ్మ పానా పట్టింది. పొట్ట కోసం పట్టిందని ఊళ్ళో అనుకున్నారు, ఆమె కూడా కాదనలేదు. అసలు సంగతి వేరు. మిలిటరీ నుంచి వచ్చిన కాగితంలో "వాహనం స్టార్టు కానందున కాలినడకన బయలుదేరి" అని ఒక్క ముక్క ఉంది, ఎందుకు స్టార్టు కాలేదో లేదు. ఇంజిన్ అనేది ఎందుకు మొండికేస్తుందో తెలిస్తే తప్ప తనకు నిద్ర పట్టదనిపించి, ఆమె మార్కాపురంలో ఒక మెకానిక్కు దగ్గర నేల మీద కూర్చుని నేర్చుకుంది.

ప్లగ్గు విప్పుతుంది. నిజమే, తడిసి ముద్దయి ఉంది. కొంగుతో తుడిచి, పక్కనే మంచులో మండుతున్న అత్తగారి మట్టిపొయ్యి సెగకు పెడుతుంది, పొయ్యి ఇక్కడికెప్పుడు వచ్చిందని అడగదు. ప్లగ్గు లేకుండానే తాడు నాలుగుసార్లు లాగితే ఎక్కువైన పెట్రోలంతా ఉఫ్ ఉఫ్ మని బయటికి పోతుంది. వేడెక్కిన ప్లగ్గును ఇంజిన్‌కు ఆనించి లాగితే నీలంగా నిప్పు రాలుతుంది. వెనక పట్టా నేలకు గడ్డకట్టుకుపోయిందేమోనని బండి తోక పట్టి ఎత్తి కుదేస్తుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్లగ్గు మళ్ళీ బిగించి లాగితే మాత్రం అదే మొండితనం.

"పైన పోస్టులోవాడు బతికినాడా?" అని అడుగుతాడు చెన్నకేశవులు ఉన్నట్టుండి.

"బతికినాడు. మబ్బు విడిపోయినాక ఎలికాప్టర్లో దించినారంట. ఏటా నీ తద్దినానికి ఫోను చేస్తాడు."

"మంచోడు," అంటాడాయన, మందుల పెట్టెను ఇంకా జాగ్రత్తగా ఒడిసిపట్టుకుని.

ఫోను మాట రాగానే కాశమ్మ చేతిలో తాడు జారిపోతుంది. ఆరేళ్ళుగా ఎవరికీ చెప్పని మాట నోటిదాకా వచ్చి ఆగదు. "ఇది నా మూలంగానే ఆగిందయ్యా. ముందురోజు ఫోన్లో నేనేమన్నానో గుర్తులేదా? నీ లీవు ఇంకొకడికి ఇచ్చేసినానని నువ్వు చెప్పినావు, వాడి పెళ్ళాం నీళ్ళాడబోతోందని. నేను నీకోసం ఇల్లంతా అలికి కూర్చుంటి. ఒళ్ళు మండి, అయితే నువ్వింక రానే రాబాక, అక్కడే ఉండిపో అని పెట్టేసినా. అదీ దీపాలు పెట్టే యాళ. పైన తథాస్తు దేవతలు తిరగతా ఉంటారు, మన నోటిమాటకు తథాస్తు అంటారు అని మా అవ్వ మొత్తుకునేది. అన్నారు. నువ్వు రాలా."

చెన్నకేశవులు తలెత్తి ఆకాశంకేసి చూస్తాడు. "మనం ఎంత ఎత్తులో ఉండామో తెలుసా? ఇక్కడ కాకి కూడా ఎగరదు. ఎంత దేవతలైనా వాళ్ళకూ ఊపిరాడొద్దా?"

"నేను ఏడుస్తాంటే నీకు ఎగతాళిగా ఉందా? బతికున్నప్పుడూ ఇంతే, కాలికేస్తే మెడకేస్తావు."

"ఎగతాళి కాదులే. నువ్విప్పుడు మెకానిక్కువి. బండి నీ మాట వల్ల ఆగిందా, ఇంకో దానివల్ల ఆగిందా, విప్పి చూసి చెప్పు. చూడకుండా చెప్పేవాడు మెకానిక్కేంది?"

ఆ మాటకు ఆమెకు పౌరుషం వస్తుంది. కళ్ళు తుడుచుకుని పెట్రోలు పైపు పీకుతుంది. చుక్క రాదు; ఇందాక ప్లగ్గును తడిపింది లోపల మిగిలి ఉన్న పెట్రోలే. నోటితో ఊదుతుంది, దారి లేదు. ట్యాంకు కింద ఉన్న చిన్న గిన్నెను మెల్లగా తిప్పి ఊడదీస్తే, అడుగున పటికబెల్లం పలుకులాంటి మంచుగడ్డ ఒకటి దారికి అడ్డంగా బిగుసుకుని ఉంది.

"నీళ్ళు," అంటుంది కాశమ్మ. గొంతులో మెకానిక్కు కోపం. "పెట్రోల్లో నీళ్ళు చేరి గడ్డకట్టినాయి. ట్యాంకు సగం ఖాళీగా వదిలేస్తే ఆ ఖాళీలో తేమ దిగదా? పనయినాక నిండుగా పోసి పెట్టాలని చిన్నపిల్లోడికైనా తెలుసు. ఎవరయ్యా ఆ పనిమంతుడు?"

గాలి ఆగిపోతుంది, షెడ్డు గోడలు ఎటో పోయి ఇద్దరి మధ్యా బండి ఒక్కటే మిగులుతుంది.

"నేనే," అంటాడు చివరికి. "సగం పోసినా. ఇంతలో ఫోను వంతు నీదేనని పిలిచినారు. తిరిగొచ్చి నింపుదాంలే అని డబ్బా కింద పెట్టి ఉరికినా. తర్వాత మరిచిపోయినా."

"నాతో మాట్లాడ్డానికే కదా ఉరికింది. మళ్ళా నా మీదికే వచ్చింది."

"నాకు మాట్లాడాలని ఉండి నేను ఉరికినా. నీ కోపం నీది కాశమ్మా, నా మరుపు నాది. నాది కూడా నువ్వే మోస్తానంటే ఎట్ట? నాకంటూ ఒక్క తప్పన్నా మిగల్చవా?"

ఆమె ఏడుస్తూనే, "చచ్చినోడి కళ్ళు చారెడు అన్నట్టు, నువ్వసలు తప్పే చెయ్యనోడివని ఊరంతా చెప్పుకుంటాండారు, తెలుసా?" అంటుంది.

"అట్టనే చెప్పుకోనీ. నీకు తెలిస్తే చాలు."

గిన్నెను రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని, చాలక కొంగులో చుట్టి పొట్టకు ఆనించుకుని కూర్చుంటుంది. చలి కడుపులోకి దిగుతుంది, గడ్డ కరుగుతుంది. నీళ్ళు ఒంపేసి, గిన్నె బిగించి, ట్యాంకు నిండా కొత్త పెట్రోలు పోసి, కాలు తన్నిపెట్టి తాడు లాగుతుంది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి బండి దగ్గి, నీలం పొగ కక్కి, కొండలన్నీ వినేటట్టు స్టార్టవుతుంది.

"ఎక్కు!" అని తిరిగి చూస్తే డబ్బా మీద ఆయన లేడు. పెట్టె చంకలో పెట్టుకుని అప్పటికే సగం కొండ ఎక్కేశాడు, తెల్లటి మంచు మీద మిరపచేను సాళ్ళలాంటి సాళ్ళు, ఆ సాళ్ళ వెంబడి వంగి నడుస్తున్నాడు.

"రావయ్యా! బండి బాగైంది, రా! వచ్చెయ్!" అని కాశమ్మ గొంతు చించుకుని అరుస్తుంది, ఆరేళ్ళుగా దాచుకున్న పిలుపంతా అరుస్తుంది, ఇంజిన్ చప్పుడులో ఆ కేక ఆమెకే వినపడదు. ఆయన చెయ్యి ఎత్తుతాడు. ఆమెకోసం ఎత్తాడో, టోపీ సర్దుకున్నాడో తెలియదు. అటునుంచి ఎవరో "అక్కా, ఓ యక్కా" అంటున్నారు.

కాశమ్మ కళ్ళు తెరిచింది. మిట్టమధ్యాహ్నం, షెడ్డు రేకులు కాలి సెగలు కక్కుతున్నాయి, తను గోనెసంచికి ఆనుకుని నిద్రపోయింది. ఎదురుగా ఓబులేసు అనే రైతు, వీపున మందు కొట్టే మిషనుతో చెమటలు కారుతూ నిలబడి ఉన్నాడు.

"పొద్దున్నుంచి లాగి లాగి నా రెక్క పడిపోయిందక్కా, స్టార్టు కాదే! అంతా మా ఆడదాని నోటి చలవ. పొద్దున్నే పోట్లాట పెట్టుకోని, నీ మిషను మూలబడిపోను అనింది. అనిందో లేదో మూలబడింది. ఇంటికి పోయి చెప్తా దాని సంగతి."

కాశమ్మ మిషను దించుకుని, కార్బురేటరు కింది గిన్నె విప్పి, అందులో ఉన్నది అరచేతిలోకి ఒంపింది. పెట్రోలు మధ్య కందిగింజంత నీటి బొట్టు కలవకుండా వేరుగా దొర్లుతోంది. చాలాసేపు దాన్నే చూసింది. తర్వాత చెయ్యి ఓబులేసు ముక్కు దగ్గర పెట్టింది.

"ఏందక్కా ఇది?"

"నీళ్ళు. మిషను సగం ట్యాంకుతో పడేసినావా?"

"నిన్నటిదాకా వాన పట్టింది గదా... వారం నుంచి చావిట్లో పడేసినా." వాడు బుర్ర గోక్కున్నాడు. "అయితే నా పనేనంటావా?"

"నీ పనే. నీ పెళ్ళాం మాట వల్ల కాదు." కాశమ్మ చేతిలోది నేల మీదికి ఒంపేసింది. గిన్నె తుడిచి బిగించి, కొత్త పెట్రోలు పోసి తాడు లాగితే రెండో లాగుకే మిషను అందుకుంది. వాడు సంతోషంగా చేతులు చాచాడు. ఆమె ఇవ్వలేదు.

"ఇంటికి పోయి ఆయమ్మను ఏమీ అనబాక."

"సరేలే అక్కా."

"సరేలే కాదు. అనను అని నాతో చెప్పు."

వాడు తెల్లబోయి, ఆమె ముఖం చూసి, "అననక్కా" అన్నాడు. అప్పుడు గానీ ఆమె మిషను వాడి వీపుకు ఎత్తలేదు.