బడి పోగు

ఫాల్గుణ బహుళమునందలి యొకానొక ప్రభాతసమయమున ప్రాచీదిశాముఖమున అరుణరేఖ సన్నగా పొడచూపుచుండగా, ఏడ్చి యేడ్చి డస్సిన బిడ్డ తల్లికొంగును తడవునట్లు సముద్రుడు తీరమును తడవి తడవి వెనుదిరుగుచుండగా సరుగుడుతోపులో గాలి ఈలవేయుచుండగా తడియిసుకపై తిరుగుచున్న ఎఱ్ఱని పీతలు మనుష్యుల యడుగుల సవ్వడి విని కలుగులలోనికి జొచ్చుచుండగా, గుల్లలపాలెమను బెస్తపల్లెయందలి స్త్రీపురుషులు అలివివల త్రాళ్లను ఇరువైపుల బట్టుకొని వెనుకకు వంగి మడమలతో ఇసుకను దున్నుచు ఒడ్డునకు లాగుచుండిరి.

ఆ పల్లెయందు వల ఒడ్డెక్కిన పిమ్మట చేపలను పంచుకొను పద్ధతి యొకటి తాతముత్తాతల నాటినుండి కలదు. వృద్ధుడగు ఎఱ్ఱన్న చేపలను పదునెనిమిది పోగులుగా తన చేతులతోనే పోసి పోగులకు వీపుమరల్చి నిలుచుండును. ఇంటికొక్క గురుతు, ఒకరిది గవ్వ, ఒకరిది త్రాటిముడి, మఱియొకరిది చింతగింజ, అన్నియు గుడ్డసంచిలో వేసి ఆతని చేతికిత్తురు. అంతట నొకడు తెడ్డుకొనతో దక్షిణపువైపునుండి వరుసగా పోగును తాకి “ఇదెవులిది?” అని యడుగును. ఎఱ్ఱన్న సంచిలో చేయిపెట్టి చూడకయే యొక గురుతును తీయును. ఎవని గురుతు వచ్చిన ఆ పోగు వానిది. వీపునకు కన్నులు లేవు గావున ఇందు పక్షపాతమునకు తావు లేదని యందఱును నమ్ముదురు, లేదా నమ్మినట్లుందురు.

ఆ యేట ఆ పదునెనిమిదింటిలో నొకటి బడి పోగు. పల్లెబడికి గది యొక్కటియే యుండుటచే రెండవ గది లేనియెడల నాలుగైదు తరగతులను, ఏఱు సముద్రమున గలియు మొగకు ఆవలియొడ్డుననున్న బడికి మార్చెదమని పైయధికారులు చెప్పియుండిరి. సర్కారు సగము భరించును, తక్కిన సగము ఊరు భరింపవలెను. చేతిలో రొక్కమాడని బెస్తవారు వేఱొక దారి లేక బడినిగూడ నొక యింటిగా నెంచి దానికొక పోగు కేటాయించిరి. సన్యాసినాయుడు మాస్టరు బడికి గురుతుగా నొక సుద్దముక్క నిచ్చెను. ఆ సుద్దముక్కను సంచిలో వేయుటయు బడికి వచ్చిన చేపలను రోడ్డుమీది సంతలో అమ్మి సొమ్ము మాస్టరున కప్పగించుటయు దానమ్మ యను యువతి పని.

ఆమె ఈ పని నడిగి పుచ్చుకొనెను. ఆమె కూతురు సుగుణ మూడవ తరగతి ముగించుచుండెను. వేసవి సెలవులు ముగిసి బడి తెఱచునాటికి గది లేవనియెడల ఎనిమిదేండ్ల యా బాలిక దినమునకు రెండుమారులు మొగ దాటవలెను. ఏఱును సముద్రమును పెనగులాడు నా నీటిని తలచుకొనినంతమాత్రమున దానమ్మ కూతురిని దగ్గఱకు లాగికొనుచుండెను.

ఇరువది దినములు గడచినవి. అనుదినమును సంతలో బుట్ట దింపినప్పుడు ఆమెకొక చిత్రము కనబడుచుండెను. ఇరుగుపొరుగువారి బుట్టలలో చందువలు వెండిపళ్లెములవలె మెఱయుచుండగా, ఒక్కొక్కనాడు వంజరము నల్లని వీపుతో నడుమ పరుండియుండగా, బడి బుట్టలో నెత్తళ్లు, కవళ్లు, నలిగిన సావడాలు వంటి చౌకచేపలు దక్క మఱియొకటి కానరాకుండెను.

“ఏటి వదినా, మీ బడి యీయాల కూడా నెత్తళ్ళే తెచ్చినాదేటి?” అని పొరుగింటి అప్పలనరస తన బుట్టపై నీళ్లు చిలకరించుచు నవ్వెను.

“బడిది ఎదవ రాత.”

“రాత నేర్పీది బడే గదా. దాని రాత అదే బాగా రాసుకోవచ్చు.”

చుట్టునున్న స్త్రీలు నవ్విరి. దానమ్మ నవ్వలేదు. అదృష్టమన నొకనాడు పోవును, పదినాళ్లు పోవును, ఇరువదినాళ్లు ఒకే యింటిపై పగబట్టునా యని యామె కనుమానము పుట్టెను. పుట్టిన యనుమానము ఇంటిలో దూరిన పాము వంటిది. అది ఎక్కడనున్నదో తెలియువఱకు ఏ మూలను చూచినను అచ్చటనే యున్నట్లు తోచును. ఆమె మొదట మాస్టరిచ్చిన సుద్దముక్కను తిరుగవేసి చూచెను. పిమ్మట తనను చూచి నవ్విన స్త్రీలను అనుమానించెను. పిమ్మట, చెప్పుటకు సిగ్గగుచున్నది గాని, తెడ్డుతో పోగులు తాకువాడు తన మగడగు తాతారావే కావున ఆతనినిగూడ అనుమానించెను. రెండుదినములు అన్నము వడ్డించుచు ఆతని మొగమునే చూచెను.

“ఏటలా సూత్తన్నావు?”

“ఏట్నేదు. ఉప్పు సరిపోనాదా అని.”

మూడవనాడు వలయొద్ద నిలిచి ఆమె మగనిని గాక ఎఱ్ఱన్న చేతిని చూచెను. ఆ చేయి సంచిలోనికి దిగుటయు వెలికి వచ్చుటయు గూటిలోనికి పోవు పక్షివలె నిస్సంశయముగా నుండెను. చూడని చేతికి ఇంతటి ధీమా యెక్కడిది? సుద్దముక్క గవ్వవలె నునుపుగాదు, చింతగింజవలె గట్టిగాదు, దానిని వ్రేళ్లు పోల్చుకొనుటకు కన్నులెందులకు? పోగులు పోసినవా డాతడే గావున వాని వరుసయు నెఱుగును.

మఱునా డామె సుద్దముక్కను కొంగున ముడివేసికొని దాని స్థానమున గవ్వ నొకటి తెచ్చెను. తన యింటి గురుతు గవ్వయే. ఈ రెండవది దానికి అచ్చముగా తోబుట్టువు, బరువునను నునుపునను భేదము లేదు. కడుపువైపున పెట్టిన సిరాచుక్క యొక్కటియే బడిదని తెలుపును, దానిని కన్ను చూడగలదు గాని వ్రేలు చూడలేదు.

“మాస్టారు కాడ సుద్ద అయిపోనాది. యీయాల్టికి ఈ సుక్క గవ్వ బడిది” అని యందఱు వినునట్లు చెప్పి రెండు గవ్వలను సంచిలో జారవిడిచెను.

తాతారావు తెడ్డు పోగులను తాకుచు పోవుచుండెను. ఎఱ్ఱన్న చేయి వచ్చుచు పోవుచుండెను. తొమ్మిదవ పోగు నిండ నెత్తళ్లే. తెడ్డు దానిని తాకెను. “ఇదెవులిది?”

ఎఱ్ఱన్న చేయి సంచిలోనికి దిగి నిలిచిపోయెను. ఒక కెరటము వచ్చి విఱిగి వెనుకకు పోయినంతసేపు ఆ చేయి వెలికి రాలేదు. నలువదియేండ్లలో ఎన్నడును ఆగని చేయి యాగుట అచ్చటనున్న ప్రతివాడును చూచెను. కడపట వెలువడిన గవ్వకు చుక్క లేదు. ఆ నెత్తళ్లు దానమ్మ యింటికే వచ్చెను. చుక్కగల గవ్వ చిట్టచివర వచ్చి చందువలుగల పోగును బడికిచ్చెను.

సంతనుండి మరలివచ్చి మిట్టమధ్యాహ్నమున దానమ్మ, ఒడ్డున బోర్లించిన పడవనీడలో వల బాగుచేసికొనుచున్న ఎఱ్ఱన్న యెదుట నిలిచెను. దొంగ దొరికెనను గర్వము ఆమె గుండెలో కొట్టుకొనుచుండెను.

“రెండు గవ్వలెందుకేసినావమ్మీ?” అని యాతడే మొదలిడెను.

“నీ సెయ్యెందుకాగినాది తాతా?”

“ముసిలి సెయ్యి. ఆగుతాది.”

“నలబయ్యేళ్ళు ఆగనిది యీయాలే ఆగినాదేటి? బడి సొమ్ము తింతన్నావు నువ్వు.”

ఎఱ్ఱన్న కోపింపలేదు. వలకన్ను నొకదానిని ముడివేసి దారము కొఱికి “కూకో” అనెను. ఆమె కూర్చుండలేదు.

“మొన్న వానాకాలం నీ మొగుడు జరంతో మూడు వారాలు మంచమ్మీదున్నాడా? వల లాగనోడి ఇంటికి నీ గవ్వ ఏ పోగుమీద పడినాది?”

దానమ్మకు జ్ఞాపకము వచ్చెను. వంజరమున్న పోగు. వరుసగా మూడువారములు.

“అమ్మోరు సూసినాదనుకున్నాను” అనెను మెల్లగా.

“అమ్మోరే సూసినాది. సేతి ఏళ్ళు నావి.” ఆతడు తల యెత్తకుండ వల సాగదీసెను. “పోలమ్మ మొగుడు నీళ్ళల్లో పోయి రెండేళ్ళు. ముగ్గురు గుంటలు. అది ఎవుల్నీ సెయ్యి సాపి అడగదు. అడగనోళ్ళకి పెట్టాలంటే దొంగతనంగానే పెట్టాల. దాని గురుతు సీసం గుండు, నా ఏళ్ళకి తెలుసు. ఒక పోగు పెరగాలంటే ఇంకోటి తగ్గాల గదమ్మీ. ఎవులది తగ్గించీది? బడికి కడుపుందేటి?”

“నా మొగుడికి తెలుసా ఇది?”

“వల లాగినోళ్ళందరికీ తెలుసు. తెల్దన్నట్టు ఉంటారు.”

తెలియనిది తానొక్కతెయే యని గ్రహించి దానమ్మ ఇసుకపై కూర్చుండెను.

“నాను ఆవలొడ్డు బడిలో ఐదో తరగతిలో సదువు మానీసినాను తాతా. ఎందుకో తెలుసా?”

“మొగ కాడ పడవ తిరగబడినాది. నానే గదా నిన్ను తీసింది.”

“నన్ను తీసినావు. నా పక్కన కూకున్న గుంట మరి తేలనేదు. మర్నాడు మాయమ్మ నా పలక అటకమీద పడీసినాది. నాను ఏడవనుకూడా ఏడవనేదు, ఆ పడవ ఎక్కక్కర్లేదని సంతోషించినాను. ఇప్పుడు నా సుగుణ ఎక్కాల. బడికి కడుపు లేదు తాతా. నాకుంది గదా.”

ఎఱ్ఱన్న చేతులు వలపై నిలిచిపోయెను.

మఱునా డుదయమున పోగులు పోసిన పిమ్మట ఆతడు గురుతులసంచిని అందఱ యెదుట దానమ్మ చేతిలో నుంచెను. “నా సెయ్యి సంగతి బయటపడిపోనాది. బయటపడిన సెయ్యి పనికిరాదు. ఇంక తాతారావు పెళ్ళాం తీస్తాది” అని దూరముగా పోయి పడవయంచున గూర్చుండెను.

“ఇంకేటి, గవ్వకి పండగే” అని గుంపులో నెవడో యనెను. కొందఱు నవ్విరి. నవ్వని వారి చూపులు నవ్వినవారి మాటకంటె వాడిగా నుండెను.

దానమ్మ పోగులకు వీపుమరల్చెను. ఏమియు నెంచక ఏది తగిలిన దానినే తీసెదనని యామె మనసున ఒట్టుపెట్టుకొనెను. కాని సంచిలో చేయిపెట్టినంతనే సుద్దముక్క తన గరుకుతో పలుకరించెను. సీసపుగుండు తన చలువతో పలుకరించెను. తన గవ్వ తన నునుపుతో పలుకరించెను. కన్నులకు ఱెప్పలు కలవు గాని వ్రేళ్లకు ఱెప్పలు లేవు. తెలిసినదానిని తెలియకుండ జేసికొను విద్య ఏ బడియందును లేదని యామెకు ఆ క్షణమున బోధపడెను. పోగులు పోయుచుండగా ఆమె చూచియే యుండెను. ఏది యెట్టిదో యెఱుగును. ఎదుట పోలమ్మ, మగని లుంగీ నడుమునకు జుట్టుకొని, ఎవరివంకను జూడక సముద్రమువంక జూచుచు నిలిచియుండెను.

వంజరమున్న పోగును తెడ్డు తాకెను. “ఇదెవులిది?” అని తాతారావు అడిగెను.

దానమ్మ తీసినది సుద్దముక్క. గుంపులో గుసగుస పుట్టెను. పిమ్మటి మంచి పోగునకు సీసపుగుండు వచ్చెను. గుసగుస అణగెను. మొత్తములో నెల్ల చిన్నదగు పోగునకు తెడ్డు వచ్చినప్పుడు ఆమె వ్రేళ్లు వెదకకుండగనే గవ్వను దెచ్చెను. తాతారావు తెడ్డు ఆ పోగుమీదినుండి లేచుటకు కొంచె మాలస్యమయ్యెను.

అది మొదలు వేసవియంతయు అట్లే జరిగెను.

“ఏటే, దినం నెత్తళ్ళేనా?” అని మగడొకనాడు కంచము ముందు విసిగెను.

“నెత్తళ్ళు తింటే కళ్ళు బాగా కనిపిస్తాయంట.”

“ఎవులన్నారు?”

“మాస్టారు.”

“మాస్టారుకి సోడాబుడ్డి కళ్ళద్దాలున్నాయి గదే” అని యాతడు నవ్వి పిమ్మట తినెను. ఆ నవ్వులో క్షమ యుండెనో సందేహ ముండెనో ఆమెకు తెలియలేదు.

ఊరికి మాత్రము సందేహమే. ఎఱ్ఱన్న చేతి మాయను నలువదియేండ్లు చూచి చూడనట్లున్న జనులు దానమ్మ చేతిని మాత్రము ఱెప్పవాల్చక చూడసాగిరి. తీయునదియు నామెయే అమ్మునదియు నామెయే గావున బడి వంజరము సంతకు పోవుచున్నదో పొయ్యిమీదికి పోవుచున్నదో యెవరెఱుగుదురని నూతికడ మాట పుట్టెను. ఒకనాటి సాయంకాలము అప్పలనరస చిటికెడు ఉప్పునకై వచ్చి, ఉప్పు చేతబడిన పిమ్మటను పోక పొయ్యికడ నిలిచి “ఏటి కూర వదినా?” అని యడుగుచునే కుండమీది మూత నెత్తి చూచెను. లోపల నెత్తళ్ల పులుసు. ఆమె మూతవైచి వెడలిపోయెను. ఆ మఱునాడు మఱియొకతె నిప్పునకై వచ్చెను. ఆ పై యింకొకతె పుల్లలకై వచ్చెను. వచ్చిన ప్రతి స్త్రీయు మూత నెత్తెను.

మొదటినాడు దానమ్మకు కన్నుల నీరు తిరిగెను. నా బిడ్డ తోడని యొట్టు వేయవలెనని నాలుకచివర వఱకును వచ్చెను. కాని తాను మగని మొగము చూచుచు రెండుదినములు అన్నము వడ్డించిన సంగతి ఆమెకు తెలియనిది కాదు. ఒట్టు మింగెను.

జ్యేష్ఠమాసమునకు గది గోడలు లేచెను. రేకులు పఱచిననాడు అధికారి వచ్చి చూచి నాలుగైదు తరగతులు ఇచ్చటనే యుండునని వ్రాసిపోయెను. తొలకరి చినుకులు క్రొత్తరేకులపై చిటపటలాడుచుండగా సుగుణ ముందువరుసలో గూర్చుండి ఆ చప్పుడుకు మాస్టరు మాట వినబడక పకపక నవ్వెను. మొగదరి పడవ ఆనాడు ఆమె లేకుండగనే ఆవలియొడ్డునకు పోయెను.

గది లేచినను ఇరుగుపొరుగువారు ఉప్పునకును నిప్పునకును వచ్చుట మానలేదు. సొంతలాభము లేక యొకతె యింత కష్టపడుట సంభవించునని నమ్ముటకంటె మూత యెత్తి చూచుట వారికి సులభముగా నుండెను. దానమ్మ వారిని నిందింపలేదు. సంచిని తిరిగి ఎఱ్ఱన్నకు ఇచ్చివేయనులేదు, పోలమ్మకు గుండు రావలసిననాడు వచ్చుచునే యుండెను. ఆమె చేసిన మార్పు ఒక్కటియే. పొయ్యిమీద కూరకుండకు మూత పెట్టుట మానెను. నాటినుండి సంధ్యవేళ ఆ వీథిని బోవువారికి తెఱచిన వాకిటిగుండ ఆ కుండయు అందుడుకు నెత్తళ్లును కానవచ్చుచుండెను, ఆవిరి మాత్రము ఎవరికిని సంజాయిషీ చెప్పక చూరుదాటి సముద్రమువైపు సాగిపోవుచుండెను.