బన్ను కేస్ షీటు

బన్ను ఒక పక్కకు ఒరిగిపోయి నీళ్లపైన తేలుతుంటే సువార్తమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

ముప్ఫై నాలుగేళ్లు బాపట్ల దగ్గర మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన మనిషి ఆవిడ. పాము కరిచినవాళ్లనీ, పురుగుమందు తాగినవాళ్లనీ చూసి కూడా తొణకని మనిషి. అలాంటిది, అరచేతిలో పట్టే నారింజరంగు చేప ఒకటి పొట్ట ఉబ్బి, ఒక్క రెక్క మాత్రం ఆడిస్తూ గాజుతొట్టిలో నోరు తెరుచుకుని ఉంటే, ముందేం చెయ్యాలో తోచలేదు.

చేప మనవరాలు సెలీనాది. గుండ్రంగా బన్నులా ఉందని ఆ పేరు తనే పెట్టుకుంది. వేసవి సెలవుల్లో పన్నెండు రోజులు తెనాలిలో అమ్మమ్మ దగ్గరికి వెళ్తూ, "నానమ్మా, పొద్దున చిటికెడు, సాయంత్రం చిటికెడు. నువ్వే వెయ్యాలి. నాన్న మర్చిపోతాడు" అని మరీ మరీ చెప్పి వెళ్లింది. ఆ ఇంట్లో మర్చిపోయేది నాన్న అనుకునే మనిషి ఇప్పుడు సెలీనా ఒక్కతే.

మార్చిలో సువార్తమ్మ పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయింది. గిన్నె మాడి, పొగ కమ్మి, పక్క ఫ్లాటువాళ్లు తలుపు బాదేదాకా ఆవిడకు తెలియలేదు. ఆ తర్వాత ఒకరోజు బట్టలు మడతపెడుతుంటే పక్క గదిలోంచి కోడలు స్టెల్లా గొంతు వినబడింది. "స్కూళ్లు తెరిచాక సాయంత్రాలు సెలీనాని డేకేర్‌లో పెడదామండీ. అత్తయ్యని తప్పుపట్టడం కాదు, నాకు భయంగా ఉంటోంది." కొడుకు ప్రేమ్ కుమార్ వద్దనలేదు. చూద్దాం అన్నాడు.

మూడున్నరకి స్కూలు బస్సు దిగే పిల్లను గేటు దగ్గర అందుకుని, సంచీ మోసుకుంటూ లిఫ్టులో దాని కబుర్లు వినడం - హైదరాబాదు నల్లగండ్లలో, ఆ తొమ్మిదో అంతస్తులో, సువార్తమ్మ రోజంతా ఎదురుచూసే పని అదొక్కటే. బన్ను తన చేతిలో పోతే ఇక ఆ పని కూడా పోయినట్టే. చేపనే కాపాడలేనిదానికి పిల్లనెవరు అప్పజెబుతారు?

కొడుకూ కోడలూ అప్పటికే ఆఫీసులకు వెళ్లిపోయారు. మేత డబ్బా మీద మూసాపేటలోని చేపల దుకాణం నంబరు ఉంటే ఫోన్ చేసింది. దుకాణం నడిపే రామాంజనేయులు ఓపిగ్గా విన్నాడు.

"పొట్ట ఉబ్బి పక్కకు ఒరిగిందా? మేత ఎక్కువైందమ్మా. రోజుకెంత ఏస్తున్నరు?"

"రెండు పూటలా చిటికెడేనండీ."

"గంతే ఏస్తే గిట్ల కాదు. డబ్బా జర చూడుండ్రి, ఎంత మిగిలిందో."

చూసింది. సెలీనా వెళ్లేరోజు మూత తెరిచిన కొత్త డబ్బా. వారానికే సగానికి దిగిపోయింది. అదే చెప్పింది.

"వారంల సగమా? రెండు నెలలొచ్చే డబ్బా అది" అన్నాడతను. "ఫికర్ చేయకుండ్రి. సగం నీళ్లు తీసి, నిన్నటి నుంచి బకెట్ల తేరిన నీళ్లు పొయ్యిండ్రి. ఇంత గళ్లుప్పు ఎయ్యిండ్రి. ఇయ్యాల్టికెళ్లి మూడు దినాలు పస్తుంచుండ్రి. నాలుగో దినం ఉడకబెట్టిన బఠాణీ తోలు తీసి సగం పెట్టుండ్రి. పస్తుంటే చావదమ్మా, తింటేనే చస్తది."

నీళ్లు మార్చింది, ఉప్పు వేసింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి గానీ, ఆవిడ మనసంతా ఆ డబ్బా మీదే ఉంది. మేత వేసేది తనొక్కతే. అయితే ఎన్నిసార్లు వేసింది? పొద్దున ప్రార్థన అయ్యాక మేత వేసి చెయ్యి తుడుచుకున్నట్టు గుర్తుంది. అది ఇవాళ్టిదా, నిన్నటిదా? కళ్లు మూసుకుని ఎంత వెతుక్కున్నా అన్ని పొద్దులూ ఒకటే పొద్దులా కనబడ్డాయి. తన బుర్రే తనని మోసం చేస్తోందంటే ఇక ఎవరితో చెప్పుకుంటుంది? సువార్తమ్మకు నిజంగా భయం వేసింది.

మంత్రసానితనానికి ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి. సెలీనా పాత నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, స్కేలు పెట్టి గళ్లు గీసింది. తేదీ, టైము, ఎలా ఉంది, ఏమిచ్చాం, సంతకం. ఆసుపత్రిలో మొదటి రోజే నేర్పిన పాఠం: రాయనిది చేయనట్టే లెక్క, రాసింది చెరపకూడదు. ఆపరేషన్‌కు ముందు మంచానికి వేలాడదీసే అట్ట గుర్తొచ్చి, పైన పెద్ద అక్షరాలతో 'నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదు' అని రాసి తొట్టికి అంటించింది.

పదకొండింటికి పనిమనిషి ఈరమ్మ వచ్చింది. ఆమెకు చదువు రాదు. "ఏందమ్మా ఆ కాయితం?" అంది. సువార్తమ్మ చెప్పింది. నేల తుడుస్తున్న ఈరమ్మ చెయ్యి ఆగిపోయింది.

"అమ్మా, ఒక ముచ్చట చెప్త, ఏమనుకోకు. నేను గూడ ఏస్తున్న. వచ్చినప్పుడల్లా ఇంత ఏసే పోతున్న."

"ఎందుకే?"

"సారు చెప్పిండు. అమ్మ మరిచిపోతది, నువ్వు జర చూస్కో అని."

అమ్మయ్య, నేను కాదు. సువార్తమ్మకు మొదట కలిగింది అంతులేని సంతోషమే. ఈరమ్మ బకెట్టు తీసుకుని పక్క గదిలోకి వెళ్లాక, రెండోది మెల్లగా గుచ్చుకుంది: కొడుక్కి తన మీద నమ్మకం లేదు.

సాయంత్రం స్టెల్లా వచ్చి ఆ కాగితం చదివి, భుజాన బ్యాగు తీయకుండానే కుర్చీలో కూర్చుండిపోయింది. "అత్తయ్యా, ఆఫీసుకు వెళ్లేముందు నేనూ వేస్తున్నాను. మీరు వేశారో లేదోనని." ఆ వెనకే వచ్చిన ప్రేమ్ కుమార్ తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాడు. పడుకునేముందు తనూ వేస్తున్నాడు. ఒక్క చేపకు నలుగురు తల్లులు, రోజుకు ఐదు పూటల తిండి. తిరణాలకు వెళ్లినవాడు కూడా అంత తినడు.

"నన్నే అడగొచ్చుగా" అంది సువార్తమ్మ.

"అడిగితే బాధపడతావనమ్మా."

"నాకు తెలియకుండా చేస్తే బాధపడననా?"

కోడలు లేచి టీ పెట్టింది.

ఆ తర్వాత రెండు రోజులూ ఇంట్లో ఎవరూ తొట్టి మీద చెయ్యి వేయలేదు. సువార్తమ్మ రెండు గంటలకోసారి చూసి రాస్తూనే ఉంది. బుధవారం 10.00, ఒరిగే ఉంది. 12.00, అదే. గురువారం 8.00, అడుగుకు దిగబోయి మళ్లీ పైకి తేలింది. ఆ ఒంటిరెక్క ఆగిపోయినట్టు అనిపించినప్పుడల్లా కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసేది. ఆ సాయంత్రం సెలీనా వీడియో కాల్‌లో బన్నుని చూపించమంది. స్టెల్లా వద్దన్నట్టు సైగ చేసింది. సువార్తమ్మ మాత్రం దాచలేదు. "ఒంట్లో బాగాలేదు నాన్నా. పస్తుంచాను. నేను చూసుకుంటున్నాగా" అంది. "నువ్వు నర్సువి కదా నానమ్మా, తగ్గిపోతుంది" అని సెలీనా నిశ్చింతగా ఫోన్ పెట్టేసింది. ఆ నిశ్చింత ఆవిడ గుండెల మీద బండలా కూర్చుంది.

శుక్రవారం పొద్దున లేచి చూసేసరికి బన్ను నిటారుగా ఉంది. కొద్దిగా వంకర ఉన్నా, రెండు రెక్కలూ ఆడిస్తూ గులకరాళ్ల మధ్య తిరుగుతోంది. సువార్తమ్మ గబగబా వంటింట్లోకి వెళ్లి బఠాణీలు ఉడకేసింది. అవి ఉడుకుతుండగానే చర్చి సంఘంలోని బుచ్చమ్మ ఫోన్ చేసింది. తన మోకాళ్ల నొప్పులు, పాస్టరుగారి కొత్త ఇల్లు, అల్లుడి ఉద్యోగం ఏదీ వదలకుండా చెప్పింది. ఫోన్ పెట్టేసి, బఠాణీ తోలు తీసి, సగం గింజ వేళ్ల మధ్య మెదుపుకుంటూ తొట్టి దగ్గరికొచ్చింది. బన్ను పైకొచ్చి నోరు తెరిచింది.

మందు ఇచ్చేముందు చార్టు చూడాలి. అది ఆలోచించి చేసే పని కాదు, ఒంటికి పట్టిన అలవాటు. చూసింది.

7.10. నిటారుగా ఉంది. సగం బఠాణీ ఇచ్చాను. తిన్నది. సువార్తమ్మ.

గడియారం ఏడూ నలభై ఐదు చూపిస్తోంది. రాత తనదే, సంతకమూ తనదే. వెనక్కి వెళ్లి సింకులో చూసింది. ఒక తోలు కాదు, రెండున్నాయి.

బన్ను ఇంకా నోరు తెరుచుకునే ఉంది. ఈసారి ఈరమ్మ లేదు, కొడుకు లేడు, కోడలు లేదు. తనొక్కతే.

ఇంట్లో ఎవరూ చూడలేదు. స్టెల్లా స్నానానికి వెళ్లింది, ప్రేమ్ ఇంకా లేవలేదు. చేతిలో ఉన్నది చెత్తబుట్టలో పారేస్తే ఏమీ జరగనట్టే. చేప బతికింది. ఎల్లుండి పిల్ల వస్తుంది. జూన్‌లో గేటు దగ్గర బస్సు ఆగుతుంది. ఇది బఠాణీ. రేపు సెలీనాకి జ్వరమొస్తే తను పోసేది మందు.

కలం తీసుకుంది. 7.10 కింద రాసింది: 7.45. మళ్లీ ఇవ్వబోయాను. ముందు ఇచ్చినట్టు గుర్తులేదు. ఇవ్వలేదు. సువార్తమ్మ.

స్టెల్లా తలకు తువ్వాలు చుట్టుకుని బయటికి రాగానే పిలిచింది. "ఇది చదువమ్మా."

స్టెల్లా చదివింది. రెండోసారీ చదివింది. అత్త వేళ్ల మధ్య నుజ్జయిపోయిన బఠాణీని తన చేతిలోకి తీసుకుని, తువ్వాలు కొసతో ఆ వేళ్లు తుడిచింది.

"ఒక మంచి డాక్టరుకి చూపించు నన్ను" అంది సువార్తమ్మ. "డేకేర్ సంగతి మీ ఇష్టం."

"చూపిద్దాం అత్తయ్యా. అందాకా చార్టులో రెండు సంతకాలు పెడదాం. మీది ఒకటి, నాది ఒకటి."

ఆసుపత్రిలో ప్రమాదకరమైన మందులకు అలాగే పెట్టేవారు, ఇద్దరు నర్సులు. ఆ సంగతి కోడలికి తెలిసే అవకాశం లేదు.

"సెలీనా విషయంలో కూడా రెండు సంతకాలేనా?" అని అడిగింది సువార్తమ్మ.

స్టెల్లా కలం అందుకుని, 7.45 పక్కన తన పేరు రాసింది.