కందిపొడి కేసులో జడ్జి

...అయినా తినడం వేరు, దొంగతనం వేరు. రెండు చెంచాల వరకు రుచి చూడటమే. మూడో చెంచా దగ్గర తప్పు మొదలైందనుకున్నా, అప్పటికి సీసా సగమైంది కాబట్టి మిగిలింది ఖాళీ చేయడం శుభ్రత కిందికి వస్తుంది. జడ్జి కుర్చీలో కూర్చున్న షెహబాజ్ ఇలా ఆలోచిస్తూ, ఎదురుగా నడుస్తున్న వాదన సగమే విన్నాడు.

తాండూరులో ఒక బడి. తొమ్మిదో తరగతి గ్రూపు ప్రాజెక్టు కోర్టు నాటకం. కేసు మాత్రం నాటకం కాదు. పోయిన వారం అరుణాదేవి మేడం బల్ల మీది కందిపొడి సీసా ఖాళీ అయింది, మూత మాయమైంది. దొంగ దొరకలేదు. "పోనీ, దీన్నే కేసు చేసుకోండి" అన్నది మేడం. చీటీలు వేశారు. శ్యామలకు ముద్దాయి వచ్చింది. తిన్నవాడికి జడ్జి వచ్చింది.

మూత ఇంకా అతని జేబులోనే ఉంది. ఆ రోజు అడుగుల చప్పుడు వినబడి లోపల వేసుకున్నాడు. పారేస్తే దొంగతనం ఖాయమైపోతుంది. ఉంచుకుంటే, పని ఇంకా మధ్యలోనే ఉన్నట్టు. వారం రోజులుగా ఆ మధ్యలోనే బతుకుతున్నాడు.

సర్కారు వకీలు పాండు చెయ్యి ఊపాడు. "జడ్జి సార్, సీస మీద తెల్ల దుమ్ము దొరికింది. ముద్దాయి వాళ్ల నాయన బండల పాలిషింగుల పని జేస్తడు!"

"మీ నాయన గూడ గాడనే గదరా!" అని వెనక బెంచీ అరిచింది.

క్లాసులో సగం మంది తమ చొక్కాలు దులుపుకున్నారు. షెహబాజ్ కూడా మోచెయ్యి దులుపుకుని, సుత్తికి బదులు తెచ్చిన బండముక్కతో బల్ల మీద కొట్టాడు. "ఖామోష్!" ఆ గొంతు అతనికే నచ్చింది. ఇంత గంభీరమైన గొంతున్నవాడు పొడి బుక్కుతాడా?

సాక్షిగా అటెండర్ బాలప్ప వచ్చి, హాజరు రిజిస్టరు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాడు. "ఖాళీ సీస జూసిన. మనిషిని జూడలే."

"మరి ఎందుకొచ్చినవ్ తాతా?" అన్నాడు పాండు.

"చాయ్ పోస్తమన్నరు, వచ్చిన."

ముద్దాయి వకీలు రబియా లేచింది. "మూత ఎవరి దగ్గరుంటే ఆడే దొంగ. మా ఆడపిల్లల డ్రెస్సులకు జేబులే లేవు. శ్యామల ఏడ దాస్తది?"

"జడల!" అన్నాడు పాండు.

రబియా తన నీళ్ల సీసా మూత తీసి శ్యామల జడలో దూర్చింది. అది టప్పున కింద పడి బాలప్ప కాళ్ల దాకా దొర్లింది. క్లాసు పగలబడి నవ్వింది. కానీ ఆ నవ్వులోంచే ఎవరో "పొడిదొంగ" అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. అంతవరకు నవ్విన శ్యామల తల దించుకుంది.

షెహబాజ్‌కు తన సంగతి గుర్తొచ్చింది. నాలుగో తరగతిలో ఒక్కసారి గేటు దగ్గర జారిపడ్డందుకు అతన్ని ఇప్పటికీ 'బురద' అంటారు. అక్క నిఖాలో కూడా ఒకడు "బురదా, జర బిర్యానీ ఇటు తే" అన్నాడు. పేరు పెట్టడానికి ఒక్క క్షణం చాలు. పోవాలంటే ఊరే మారాలి. శ్యామల ఏ ఊరు పోతుంది?

"జడ్జి గారూ, తీర్పు" అన్నది మేడం.

తీర్పు కాగితం సిద్ధంగానే ఉంది. జడ్జి రాత బాగుండదని వాదనలకు ముందే పాండు రాసిపెట్టాడు: 'ముద్దాయి దోషి. పది గుంజీలు.'

"ముద్దాయి..." అని షెహబాజ్ ఆగాడు. గంభీరమైన గొంతు ఎటో పోయింది.

కాగితం బోర్లా పెట్టాడు. జేబులోంచి మూత తీసి, బల్ల మీది ఖాళీ సీసాకు పెట్టి, అందరూ చూస్తుండగా మెల్లగా మూడు చుట్లు తిప్పాడు.