హిలరీ ఇంట్లో ఇరవై రెండు డిగ్రీలు

"ఇంకొకటి కుట్టిపెట్టు బెరిల్. హిలరీ వాళ్ల వెనక తలుపు కింద నుంచి గాలి కొడుతోందిట. పాపం, ఆవిడ పాదాలు గడ్డకట్టుకుపోతున్నాయి" అంటూ మా ఆయన క్లైవ్ తన పాత ప్యాంటు తెచ్చి నా ఒళ్లో పడేశాడు.

కుట్టాల్సింది పాము. ప్యాంటు కాలు కోసి, ఒక చివర కుట్టేసి, లోపల పాత మేజోళ్లు కూరి, రెండో చివర కూడా కుట్టేస్తే తలుపు కింద సందుకి అడ్డంగా పడుకునే బొద్దుపాము తయారవుతుంది. మా వీధిలో సగం తలుపుల కింద నా చేతి పాములే ఉన్నాయి. అందరూ వాటిని క్లైవ్ పాములంటారు. హిలరీ పాదాలు పాపమని క్లైవ్ అన్నప్పుడు నేను వంటింట్లో కోటు వేసుకుని, వేళ్లు తెగిన గ్లవుజులు తొడుక్కుని కూచుని ఉన్నాను. నా పాదాలను ఎవరూ పాపం అనలేదు.

హాలిఫాక్స్ ఊళ్లో కొండ మీద రాతి ఇళ్లు మావి. ఏ కాలంలో కట్టారో, గాలికి తలుపు తట్టి రావాలన్న మర్యాద ఎప్పుడూ లేదు. ఇల్లు వెచ్చబెట్టే గ్యాస్ ధర పెరిగాక క్లైవ్‌కి ఈ పిచ్చి పట్టింది. భవనాల తనిఖీ ఉద్యోగం నుంచి రిటైరై ఊరికే కూచోలేకపోతున్న మనిషికి ఒక యుద్ధం దొరికింది. పొగగొట్టంలో ఉన్ని కూరాడు. నేల చెక్కల సందులు పూడ్చాడు. తలుపులో ఉత్తరాలు పడే సందుకి కుచ్చు బిగించాడు. బాయిలర్ వేడి తగ్గించాడు. పొద్దున్న తను బయటికి వెళ్తూ హీటర్లు ఆపేస్తాడు, సాయంత్రం తను వచ్చాక వేస్తాడు, అదీ పదహారు డిగ్రీలకి. చలేస్తోందని ఒకసారంటే "ఇంకో స్వెట్టర్ వేసుకో" అన్నాడు. రెండోసారి అంటే, ఆ పూట మమ్మల్ని చూడ్డానికి వచ్చిన వాళ్లమ్మ అందుకుంది. "మా రోజుల్లో కిటికీ అద్దాలకి లోపలివైపు మంచు కట్టేది. పిల్లలు గోళ్లతో దాని మీద బొమ్మలు గీసుకునేవాళ్లు. ఎవరైనా చచ్చారా?" అంది. ఆవిడ నలుగురిని కంది, ముగ్గురే పెరిగారు. ఆ సంగతి వాళ్లింట్లో ఎవరూ ఎత్తరు.

హిలరీ మా ఎదుటి వరసలో ఉంటుంది. భర్త పోయాక, చలిలో ఒంటరిగా మగ్గేవాళ్ల ఇళ్లు బాగుచేసే బృందం ఒకటి పెట్టింది. డబ్బు తీసుకోరు. ఆవిడ ముందుగదే వాళ్ల ఆఫీసు, ఆవిడ ఇల్లే నలుగురికీ నమూనాగా చూపించే ఇల్లు. క్లైవ్ పగలంతా అక్కడే. గాలి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి అగరుబత్తి వెలిగించి గోడల వెంట తిప్పుతారు. పొగ ఎక్కడ వణికితే అక్కడ సందు ఉన్నట్టు. వేరే ఆడవాళ్ల మొగుళ్లు సెంటు వాసనతో ఇంటికొస్తారు. నావాడు గంధం అగరుబత్తి వాసనతో వస్తాడు. నిప్పు లేనిదే పొగ రాదు కదా. అతని చొక్కా ఉతికే ముందు ముక్కుకి ఆనించుకుని, అవును, ఆ గదిలో కూచున్నాడు, ఈ మోచెయ్యి ఆవిడ కుర్చీ చేతి మీద ఆనించాడు అనుకుంటూ ఏడ్చేదాన్ని. తర్వాత అదే చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చేదాన్ని. ఆవిడ దగ్గరికి వెళ్లడానికి.

కుళ్లుకున్నాను. దీనికి మర్యాదైన మాట లేదు. ఆవిడ నవ్వు చూసి, నీలం తలుపు చూసి, కోటు లేకుండా కిటికీ దగ్గర నిలబడి టీ తాగడం చూసి కడుపు మండిపోయేది. మంచు పడ్డ పొద్దున మా ఇంటి కప్పు మీద మంచు ముందే కరిగి కారిపోయేది. ఆవిడ ఇంటి మీద మాత్రం తెల్లగా, దుప్పటి పరిచినట్టు మధ్యాహ్నం దాకా నిలిచేది. లోపలి వేడి బయటికి పోవడంలేదన్నమాట. ఆ అటక మీద ఉన్ని పరిచింది నా మొగుడే. మా అటక సంగతి వచ్చే ఏడాది చూద్దామన్నాడు. పక్కింటావిడ నగ చూసి కుళ్లుకునే ఆడవాళ్లని చూశాను కానీ పైకప్పు మీద మంచు చూసి కుళ్లుకునేదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే.

పాము కుట్టడం అయిపోయాక, సాయంత్రం దాకా అతని కోసం ఆగకుండా నేనే తీసుకెళ్లాను. అబద్ధమెందుకు, పట్టుకుందామనే వెళ్లాను.

తలుపు వారగా వేసి ఉంది. తోయగానే వెచ్చటి గాలి మొహానికి తగిలింది. నా కళ్లజోడు మసకబారింది. నడవలో కొక్కేనికి క్లైవ్ స్వెట్టర్ వేలాడుతోంది. గోడ మీద హీటర్ల మీట ఇరవై రెండు దగ్గరుంది. కళ్లజోడు తుడుచుకుని ముందుగది గుమ్మంలోకి వచ్చేసరికి, మా ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, హిలరీ కుర్చీ పక్కన నేల మీద మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో అగరుబత్తి.

"ఇప్పుడు తగులుతోందా గాలి? చెప్పండి, మొహమాటపడకండి. మీకింకా చలిగా ఉందా?"

"లేదు లేదు, హాయిగా ఉంది" అందావిడ.

అంతే. అంతకుమించి ఏమీ లేదు. ముద్దులు పెట్టుకుంటూ దొరికినా నాకంత నొప్పి పుట్టేది కాదు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మనిషి నన్ను ఎప్పుడూ అడగని ప్రశ్న, ఆవిడని మోకాళ్ల మీద కూచుని రెండుసార్లు అడిగాడు.

హిలరీ నన్ను చూసి గబుక్కున లేచింది. "రండి బెరిల్, రండి! ఇవాళ సెలవా మీకు?"

"సెలవా? ఎక్కడి నుంచి?"

"ఏమో, ఎక్కడో పని చేస్తున్నారనుకున్నాను. మొన్న చర్చి హాల్లో అందరికీ చెప్పాడుగా క్లైవ్, మీ గ్యాస్ బిల్లు సగానికి ఎలా తగ్గిందో. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కాబట్టి హీటర్లు ఆపేస్తామన్నాడు."

ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను. వెనక గదిలో అందరికీ టీలు పోస్తున్నాను. చప్పట్లు మాత్రం వినిపించాయి.

క్లైవ్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "లెక్క కోసం అలా అన్నానే. నువ్వు ఏదో ఒక పని చేస్తూ తిరుగుతూ ఉంటావుగా, నీకు చలేముంటుంది?" అన్నాడు. తర్వాత హిలరీ వైపు తిరిగి నవ్వుతూ, "మా బెరిల్‌కి చలి పట్టదులెండి, గట్టి పిండం" అన్నాడు.

హిలరీ నవ్వలేదు. నా గ్లవుజుల వైపు, కోటు వైపు చూసి, నా చేతిలో పాముని అందుకుంది. అప్పుడు నా వేళ్లు తాకి ఉలిక్కిపడింది. "ఇదేమిటమ్మా, ఇంత చల్లగా ఉన్నాయి!" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మంచిదని తెలిసి ఇంకాస్త కుళ్లుకున్నాను కూడా.

"హిలరీ, మీ బృందం ఎవరిళ్లకి వెళ్తుంది?"

"పగలంతా చలిలో ఒంటరిగా ఉండేవాళ్లెవరైనా సరే."

"అయితే రేపు మా ఇంటికి ఎవరినైనా పంపండి. క్లైవ్ వద్దు."

"బెరిల్!" అన్నాడు క్లైవ్. "నలుగురూ ఏమనుకుంటారు?"

హిలరీ అతని వైపు చూడలేదు. "రేపు డెస్మండ్ ఖాళీగా ఉన్నాడు. పొద్దున్నే పంపిస్తాను" అంది. డెస్మండ్ బస్సులు నడిపి రిటైరైనవాడు, భార్య లేదు, చర్చిలో పాడతాడు. ఎవరింటికెళ్లినా ముందు కూచుని వాళ్ల కష్టం వింటాడని పేరు.

"వాడెందుకు మనింటికి?" క్లైవ్ గొంతు ఒక్కసారిగా పెరిగింది. "నేను లేనప్పుడు వాడికి మనింట్లో ఏం పని? గంటలకొద్దీ కూచుని కబుర్లు చెప్తాడు వాడు!"

ఆ మొహం నాకు బాగా తెలుసు. ఆ చలికాలమంతా అద్దంలో నేను చూసుకున్న మొహమే అది. నాకు జాలి కలగలేదు.

హిలరీ కలం తీసుకుని, ప్రతి ఇంటివాళ్లనీ అడిగే ప్రశ్నే నన్నూ అడిగింది. "తలుపు తియ్యడానికి పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా?"

"ఉంటారు" అన్నాను. "నేనుంటాను."