ఎనిమిదో అచ్చు

ఖుర్షీదా రోజూ పొద్దున్నే స్టవ్ మీద రెండు గంజులు కాచేది. ఒకటి భర్త ఫయాజ్ చొక్కాలకి, రెండోది రంగుల్లో కలపడానికి. సౌదీలో, అల్ ఖోబర్‌లో అజీజియా వైపు ఇల్లు, కింద వీధిలో ఫయాజ్ ఫ్రేముల షాపు. వంటయ్యాక గట్టు తుడిచి, ఆ గట్టు మీదే ఆమె అద్దకం పని మొదలుపెట్టేది. మధ్యాహ్నం ఆయన భోజనానికి వచ్చేసరికి రంగు గిన్నెలు కనబడకూడదు. కనబడితే, "ఇది వంటిల్లా, కార్ఖానానా?" అనేవాడు.

మూడేళ్ళ కిందట ఒక జపాన్ ఇంజనీరు భార్య ఆ షాపుకి ఒక బొమ్మ తెచ్చింది, ఫ్రేము కట్టమని. రేవు, సన్నటి వాన, గొడుగు వంచి పడవ కోసం చూస్తున్న ఒక ఆడమనిషి. మిషన్ ప్రింటు అనుకుని ఫయాజ్ దాన్ని కొలతలు తీయమని పైన ఇంటికి పంపాడు. ఖుర్షీదా కాగితాన్ని వెనక్కి తిప్పింది. అచ్చు మీద కాగితం పరిచి చేత్తో రుద్దిన గుండ్రటి జాడలు కనబడ్డాయి. ఆమె పుట్టింది పెడనలో, కలంకారీ బట్టలకి అచ్చులు చెక్కే ఇంట్లో. ఆ జాడలేమిటో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

బొమ్మ తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు ఖుర్షీదా కిందికెళ్ళి అడిగితే ఆ మేడం వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పింది. వాళ్ళ దేశంలో పాతకాలపు బొమ్మల్ని ఇప్పటికీ కొందరు పనివాళ్ళు కొత్తగా చెక్క మీద చెక్కి, రంగుకో అచ్చు చొప్పున చేత్తోనే అద్దుతారట. అంచున ఉన్న రెండు చిన్న ముద్రలు చూపించింది. ఒకటి చెక్కినవారి పేరు, ఒకటి అద్దినవారి పేరు. ఖుర్షీదా ఆ ముద్రల వంక చాలాసేపు చూసింది.

ఆ సాయంత్రమే పెడనలో ఉన్న అక్క మేరాజ్ బేగంకి ఫోటోలు పంపింది. తను ఆపా అని పిలిచే ఆ అక్క, భర్త పోయినప్పటి నుంచి అచ్చులు చెక్కుతూ కూతురు సల్మాని పెంచుకొచ్చిన మనిషి.

"ఒసేయ్, ఈ వాన గీతలు చూశావా? వెంట్రుక కన్నా సన్నం. ఇది చెక్కినోళ్ళ చేతులు ముద్దెట్టుకోవాలే," అంది ఆపా.

"మనం చేద్దామా ఆపా?"

"నువ్వు అద్దుతానంటే నేను చెక్కుతాను."

టేకు మీద ఆ గీతలు నిలవలేదు, విరిగిపోయాయి. ఆపా వెతికి వెతికి సన్న నారలున్న గట్టి కర్ర తెప్పించుకుంది. ఎనిమిది రంగులకి ఎనిమిది అచ్చులు. సెలవుకెళ్ళి తిరిగొచ్చేవాళ్ళ పెట్టెల్లో, చీరల మధ్య ఒక్కొక్కటిగా వచ్చాయి. ఇక్కడ ఖుర్షీదా కాగితం ఎంత తడపాలో, గంజి ఎంత కలపాలో పాడుచేసుకుంటూ నేర్చుకుంది. ఏడాది దాటాక కాగితం మీద వాన సరిగ్గా కురిసింది. వీడియోలో చూసి ఆపా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఫయాజ్ ఆ బొమ్మని షాపులో వేలాడదీశాడు. మీరే చేశారా అని ఎవరో అడిగితే ఔనన్నాడు. తర్వాత దమ్మాంలో ఒక ఎగ్జిబిషన్‌లో పెట్టారు. కింద కార్డు మీద ఆయన పేరు. ఖుర్షీదా ఆ కార్డు ముందు నిలబడి, తప్పు పడిందేమో, చెబితే మారుస్తారేమో అనుకుంది. ఇంటికొచ్చాక అడిగింది.

"నా పేరైతే ఏంటి, నీ పేరైతే ఏంటి? ఒకే ఇల్లు కదా," అన్నాడు.

"పోనీ ఆపా పేరు?"

"వడ్రంగోళ్ళ పేరు మంచం మీద రాస్తారా ఎక్కడైనా?"

అత్తగారు బందరు నుంచి ఫోన్లో అంది, "పిల్లాజెల్లా లేనిదానివి, ఆ చెక్కలతో కాలక్షేపం అవుతోంది. మావాడు చేయనిస్తున్నాడు, సంతోషించు." చేయనిస్తున్నాడు. ఆ మాట గిన్నెలు తోముతున్నప్పుడు, ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నప్పుడు మళ్ళీ మళ్ళీ వినబడేది. చేసే చేతులు తనవైతే చేయనిచ్చేవాళ్ళు ఇంకొకరెందుకయ్యారో ఆమెకి అంతుబట్టేది కాదు. అయినా ఆపాకి కార్డు సంగతి చెప్పలేదు. "మన పేర్లు వేశారా?" అని ఆపా అడిగితే, "వేశారు ఆపా, చిన్నగా, అంచున," అంది. అక్కతో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

ఒక హోటల్ వాళ్ళు మంచు కురిసే బొమ్మ కావాలన్నారు. మళ్ళీ ఎనిమిది అచ్చులు. ఏడు వచ్చాక ఆపా మంచాన పడింది. కాలేయం చెడిపోయిందన్నారు.

"ఖాలా, అమ్మీ నిన్ను చూడాలంటంది. త్వరగా రా," అని సల్మా ఏడ్చింది.

ఖుర్షీదా ఊరెళ్ళి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా అడిగింది.

"ఆర్డర్ అయ్యాక వెళ్దువులే. నువ్వెళ్తే ఎవరు అద్దుతారు?" అన్నాడు ఫయాజ్.

అద్దేది ఆమేనని ఆయన నోటితో అనడం అదే మొదటిసారి.

నిజానికి సౌదీ సర్కారు యాప్ అబ్షర్‌లో అక్కడ ఉండనిచ్చే ఇద్దరి ఇకామా రెన్యువల్ దగ్గర్నుంచి ప్రతి కాగితం నింపేది ఖుర్షీదానే. భార్య వీసా భర్త ఖాతాలోంచే పెట్టాలి కాబట్టి ఆయన ఫోన్ ఇస్తాడు, ఆమె చూసుకుంటుంది. వెళ్ళి తిరిగొచ్చే వీసాకి ఎక్కడ నొక్కాలో, ఇక తిరిగిరాని ఫైనల్ ఎగ్జిట్‌కి ఎక్కడ నొక్కాలో ఆయనకన్నా ఆమెకే బాగా తెలుసు. అయినా ఆయన సరే అనాలని నెల రోజులు ఆగింది. వారం వారం అడిగింది. చేపల పులుసు పెట్టి అడిగింది. కాళ్ళు నొక్కుతూ అడిగింది. ఆయన ప్రతిసారీ వచ్చే వారం అన్నాడు. అవతల ఆపా మంచం మీద దిండుకి ఆనుకుని, ఎనిమిదో అచ్చు ఒళ్ళో పెట్టుకుని కనబడేది.

"ఉలి జారిపోతందే చేతిలోంచి. నువ్వొస్తే పట్టుకుందువుగాని, ఇద్దరం కలిసి పూర్తి చేద్దాం," అనేది.

"వస్తున్నా ఆపా. వచ్చే వారం," అనేది ఖుర్షీదా. ఆయన మాటనే తన మాటగా.

శుక్రవారం జుమా నమాజు వేళ సల్మా ఫోన్ చేసింది. ఖుర్షీదా చేతుల నిండా బూడిద రంగు ఉంది. ఆ చేతుల్తోనే ఫోన్ పట్టుకుంది. "అమ్మీ పోయింది ఖాలా," అని అవతల సల్మా ఏడుస్తూనే ఉంది.

నమాజు నుంచి వచ్చిన ఫయాజ్ విన్నాడు. "ఇన్నా లిల్లాహ్," అని కూర్చున్నాడు. ఆమె భుజం మీద చెయ్యి వేశాడు కూడా. కాసేపయ్యాక మెల్లగా అడిగాడు.

"ఎనిమిదో అచ్చు పూర్తి చేసిందా? కనుక్కున్నావా?"

ఖుర్షీదా లేచి వెళ్ళి చేతులు కడుక్కుంది. గోళ్ళ సందుల్లో రంగు పోలేదు, పుల్లతో తీసింది. తుడుచుకుని వచ్చి ఆయన ముందు నిలబడింది.

"ఫోన్ ఇవ్వండి."

"ఆఁ, వెళ్ళు. ఇంకా ఆపుతానా? పదిహేను రోజులకి పెట్టుకో. వచ్చేటప్పుడు ఆ అచ్చు తెచ్చుకో. మిగిలింది ఉంటే అక్కడెవరిచేతైనా చెక్కిద్దాం," అని ఫోన్ అందించాడు. ఆమె నింపింది. కోడ్ వచ్చింది, కొట్టింది. ఎప్పట్లాగే ఆయన చూడలేదు.

ఫోన్ తిరిగి ఆయన చేతిలో పెట్టి, లోపలికెళ్ళి బట్టలు సర్దుకోసాగింది. వెనకే ఆయన గొంతు వినబడింది.

"ఇంతకీ ఎన్ని రోజులు పెట్టావ్?"

"రోజులు పెట్టలేదండీ," అంది ఖుర్షీదా, చీర మడత పెడుతూ. "ఫైనల్ ఎగ్జిట్ పెట్టాను."